అమెరికన్ క్రాఫ్ట్ బీర్లకి మార్కులు ఎలా వేయాలి? పిల్స్‌నర్ నుంచి ఇంపీరియల్ స్టౌట్ దాకా

నురగరాజు:
మన ఫోరంలో బీర్లకి పడుతున్న మార్కుల్లో ఒక వంకర ఉంది. డబుల్ ఐపీఏ (ఘాటూ చేదూ బాగా ఎక్కువుండే రకం) ఏదైనా సరే ఐదుకి 4.5 కళ్ళు మూసుకుని వేసేస్తున్నారు. లేత రంగు, తేలికపాటి పిల్స్‌నర్ ఎంత శుభ్రంగా చేసినా 3 దాటట్లేదు. ఘాటుకి పడే మార్కులు పనితనానికి పడట్లేదన్నమాట. ఏ బీరుని ఆ స్టైల్‌తోనే కొలిస్తే సగం తగాదా తీరిపోతుంది. అందుకని ఆరు బీర్లు ఎంచాను. ఎవరి ఊళ్ళో వాళ్ళు తెచ్చుకుని, ఒకే పత్రం మీద మార్కులు వేసి ఇక్కడ పెట్టండి. తాగే వరుస కూడా ఇదే:

1. విక్టరీ ప్రైమా పిల్స్ (పెన్సిల్వేనియా), 5.3 శాతం ఆల్కహాల్
2. అలగాష్ వైట్ (మెయిన్), 5.2
3. సియెరా నెవాడా పేల్ ఏల్ (కాలిఫోర్నియా), 5.6
4. బెల్స్ టూ హార్టెడ్ ఐపీఏ (మిషిగన్), 7
5. రష్యన్ రివర్ ప్లైనీ ది ఎల్డర్ (కాలిఫోర్నియా) లేదా ఆల్కెమిస్ట్ హెడీ టాపర్ (వెర్మాంట్), రెండూ 8
6. నార్త్ కోస్ట్ ఓల్డ్ రాస్‌పుటిన్ (కాలిఫోర్నియా), ఇంపీరియల్ స్టౌట్ అనే ఘాటైన నల్ల బీరు, 9

ఐదోది అందరికీ దొరకదు. మీ దగ్గర్లో తాజాగా దొరికే ఏ డబుల్ ఐపీఏ అయినా పర్వాలేదు.

ఒక్కోటి 90 మి.లీ. చాలు. ఆరూ కలిపి 540 మి.లీ., అందులో అసలు ఆల్కహాల్ దాదాపు 36 మి.లీ. అమెరికా లెక్కలో అది రెండు డ్రింకులు. పింట్లకి పింట్లు పోసుకుంటే నాలుగోదాని దగ్గరే నాలుక మొద్దుబారుతుంది, ఆ తర్వాత వేసిన మార్కులకి విలువ లేదు. కారు తాళాలు మాత్రం ముందే ఎవరికైనా ఇచ్చేయండి.

మాల్ట్‌మామ:
పత్రం కొత్తగా తయారు చేయనక్కర్లేదు. బీజేసీపీ (బీరు పోటీల న్యాయనిర్ణేతలకి గుర్తింపు ఇచ్చే సంస్థ) న్యాయనిర్ణేతలు వాడే 50 మార్కుల పత్రం ఉంది: వాసన 12, రూపం 3, రుచి 20, నోటికి తగిలే తీరు 5, మొత్తం మీద 10. బీర్ అడ్వొకేట్ సైటువాళ్ళు రూపానికి 6 శాతం, వాసనకి 24, రుచికి 40, తీరుకి 10, మొత్తం మీద 20 అంటారు. లెక్కేసి చూసుకోండి, రెండూ ఒకటే.

45 నుంచి 50 అంటే ఆ స్టైల్‌కి ప్రపంచస్థాయి నమూనా. 38 నుంచి 44 చాలా గొప్ప బీరు. 30 నుంచి 37 మంచి బీరే, చిన్న లోపాలుంటాయి. 21 కిందకి వెళ్ళిందంటే గట్టి తప్పేదో ఉన్నట్టు. నురగ ముద్దొస్తోందని మొత్తం మార్కులు పెంచేసేవాళ్ళు గమనించాలి, రూపానికి ఉన్నవి మూడే మూడు. ఒకే బీరుకి ఇద్దరి మార్కుల మధ్య తేడా 7 దాటితే పోటీల్లో న్యాయనిర్ణేతలు మాట్లాడుకుని దగ్గరికి తెస్తారు. ఇక్కడా అలాగే చేద్దాం, పోట్లాట వద్దు.

కాస్కేడ్:
స్టైల్ హద్దులు కూడా ముందు పెట్టుకుంటే మంచిది. బీజేసీపీ 2021 మార్గదర్శకాల ప్రకారం అమెరికన్ పేల్ ఏల్‌కి ఆల్కహాల్ 4.5–6.2 శాతం, చేదు 30–50 ఐబీయూ (చేదుని కొలిచే అంకె). అమెరికన్ ఐపీఏకి 5.5–7.5, చేదు 40–70. మసకగా ఉండే హేజీ ఐపీఏకి 6–9, చేదు 25–60. డబుల్ ఐపీఏకి 7.5–10, చేదు 60–100. ఇంపీరియల్ స్టౌట్‌కి 8–12, చేదు 50–90.

హెడీ టాపర్ తెచ్చుకున్నవాళ్ళు దాన్ని హేజీ కింద కొలవాలి, ప్లైనీని డబుల్ ఐపీఏ కింద. రెండూ 8 శాతమే కదా అని పక్కపక్కన పెట్టి ఒకదానితో ఇంకోదాన్ని పోల్చొద్దు. ప్లైనీలో మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) రుచి వెనక్కి తప్పుకుంటుంది, పైన్ చెట్టు జిగురు వాసన, పొడిబారిన ముగింపు. హెడీలో మసక, పండ్ల రసం, నిండుదనం. ఒకదాని గుణం రెండోదానిలో లోపమవుతుంది.

కొత్తగ్లాసు:
చిన్న సందేహం అండీ. ఐబీయూ పెద్దదైతే చేదు కూడా పెద్దదే అవ్వాలి కదా? కొన్ని హేజీలు అంకె పెద్దదైనా సియెరా నెవాడా కంటే మెత్తగా ఎందుకుంటాయి?

కాస్కేడ్:
ఐబీయూ ల్యాబులో తీసే కొలత. బీరులో కరిగిన హాప్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే తీగ పువ్వు) చేదు పదార్థాలు లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములో ఉజ్జాయింపుగా చెబుతుంది. నాలుకకి తెలిసే చేదు వేరే సంగతుల మీద కూడా ఆధారపడుతుంది. మిగిలిన తీపి ఎక్కువుంటే చేదు దాక్కుంటుంది. ఓట్స్, గోధుమ వేసి ఒళ్ళు చిక్కగా చేస్తే గుండ్రంగా అనిపిస్తుంది. నీళ్ళలో సల్ఫేట్ ఎక్కువైతే చేదు పదునెక్కుతుంది, క్లోరైడ్ ఎక్కువైతే మెత్తబడుతుంది. హేజీ చేసేవాళ్ళు చాలామంది క్లోరైడ్‌ని సల్ఫేట్‌కి రెట్టింపు దాకా తీసుకెళ్తారు, పాత కాలిఫోర్నియా తరహా ఐపీఏలో దీనికి తలకిందులు. పైగా హేజీలో హాప్స్ ఎక్కువ భాగం మరిగించాక చల్లార్చేటప్పుడూ పులిసేటప్పుడూ పడతాయి. అప్పుడు వాసన దిగినంతగా చేదు దిగదు. కాబట్టి పత్రం మీద ‘చేదు ఎక్కువ’ అని అంకె చూసి రాయకండి, మింగాక 20 సెకన్లు ఆగి రాయండి.

చేదుమాత్ర:
ఇవన్నీ తర్వాత. ముందు క్యాన్ అడుగు చూడండి. తక్కువ మార్కులు పడ్డ ఐపీఏల్లో చాలావాటిది పాతబడిన జబ్బే, దానికి తయారీదారుని తిట్టుకుంటున్నాం.

‘ప్యాక్ చేసిన తేదీ’, ‘ఈ తేదీలోపు తాగితే మంచిది’ రెండూ వేరు. రెండో రకం ముద్రించినవాళ్ళు ఎన్నాళ్ళ గడువు ఇచ్చారో బీరుబీరుకీ మారుతుంది, అది పట్టుకుని వయసు లెక్కపెట్టలేం. కొందరు ఏడాదిలో ఎన్నో రోజో మూడంకెల్లో కొడతారు. 045 అని ఉంటే ఫిబ్రవరి 14. ఐపీఏ నెల లోపు అయితే బ్రహ్మాండం, రెండు నెలలు సరే, మూడు దాటితే నేనైతే షెల్ఫ్ మీదే వదిలేస్తాను. ప్లైనీ సీసా మీద లేబులే తాజాగా తాగమని, దాచొద్దని బతిమాలుతుంది.

తేదీ ఒక్కటే సరిపోదు. 3-30-300 అని బీరు పరిశ్రమలో మోటు లెక్క ఒకటుంది. 32 డిగ్రీల సెల్సియస్ దగ్గర 3 రోజులు, 22 దగ్గర 30 రోజులు, 3 డిగ్రీల దగ్గర 300 రోజులు బీరుని దాదాపు ఒకేలా ముసలిదాన్ని చేస్తాయి. టెక్సస్‌లోనో ఆరిజోనాలోనో జులైలో కారు డిక్కీలో ఒక మధ్యాహ్నం ఉంచి, తర్వాత ఫ్రిజ్‌లో పెట్టి, ‘తాజా క్యానే కదా’ అంటే కుదరదు. షాపులో కూడా చల్లటి అరలోది అడిగి తీసుకోండి, వరండాలో పేర్చిన పెట్టెల్లోంచి వద్దు.

పీపా:
నురగరాజు గారూ, శీర్షికలో క్రాఫ్ట్ అన్నారు కాబట్టి ఒక చిక్కు. బ్రూయర్స్ అసోసియేషన్ (అమెరికాలో చిన్న బీరు తయారీదారుల సంఘం) లెక్కలో క్రాఫ్ట్ తయారీదారు అంటే ఏడాదికి 60 లక్షల బ్యారెళ్ళు మించకూడదు, క్రాఫ్ట్ కాని మద్యం కంపెనీ చేతిలో 25 శాతం లేదా అంతకంటే ఎక్కువ వాటా ఉండకూడదు. బెల్స్‌ని 2021లో జపాన్ బీరు కంపెనీ కిరిన్ గుంపులోని లయన్ కొనేసింది. షికాగో గూస్ ఐలాండ్ కూడా 2011లోనే బడా బీరు కంపెనీ ఏబీ ఇన్‌బెవ్‌కి వెళ్ళింది. మీ నాలుగో నంబరు సాంకేతికంగా క్రాఫ్ట్ కాదు.

నురగరాజు:
ఒప్పుకున్నా. కానీ గ్లాసులో ఉన్నది యజమాని ఎవరో చెప్పదు. ఒక్క సెంటెన్నియల్ హాప్‌తోనే చేసిన ఐపీఏకి అంత తేలిగ్గా దొరికే నమూనా ఇంకోటి లేదు, అందుకే ఉంచాను. పేరు ప్రభావం పడుతుందనుకుంటే ఇంట్లో ఇంకొకరితో పోయించుకుని, గ్లాసు కింద నంబరు అంటించమనండి. స్టైల్ ఏదో చెప్పించుకోండి, బ్రాండు చెప్పించుకోకండి.

ఆస్టిన్‌బుజ్జి:
గ్లాసు గురించి ఎవరూ మాట్లాడట్లేదు. బార్లలో ఇచ్చే నిలువు షేకర్ పింట్ వాసన పట్టుకోదు. పైన కొంచెం ముడుచుకున్న ట్యూలిప్ గ్లాసు ఉంటే అన్నిటికీ అదే వాడండి, లేదంటే వైన్ గ్లాసు. ఆరూ ఒకే రకం గ్లాసులు కావాలి.

పాలు, మజ్జిగ తాగిన గ్లాసులు ఈ పనికి వద్దు. జిడ్డు ఏమాత్రం మిగిలినా నురగ చస్తుంది. పరీక్ష సులువు: కడిగిన గ్లాసు లోపల తడిపి ఉప్పు చల్లండి. ఉప్పు అన్ని వైపులా సమంగా అంటుకుంటే శుభ్రం, అక్కడక్కడ జారిపోతే జిడ్డుంది. బీరు పోశాక లోపలి గోడకి బుడగలు గుంపులుగా అతుక్కున్నా అంతే. గుడ్డతో తుడవకుండా బోర్లించి ఆరబెట్టండి. ఫ్రీజర్‌లో పెట్టిన మగ్గు అసలే వద్దు, వాసన గడ్డకట్టి కూర్చుంటుంది.

వేడి సంగతి: పిల్స్‌నర్ 4–7 డిగ్రీలు, అలగాష్ కూడా దగ్గర దగ్గర అంతే. పేల్ ఏల్, ఐపీఏలు 7–10. ఓల్డ్ రాస్‌పుటిన్ 10–13. ఫ్రిజ్ మామూలుగా 3–4 దగ్గర ఉంటుంది కాబట్టి స్టౌట్‌ని మొదటి బీరు పోసేటప్పుడే బయట పెట్టేస్తే దాని వంతు వచ్చేసరికి సరిగ్గా ఉంటుంది.

కొత్తగ్లాసు:
మంచింగ్‌కి ఏం పెట్టుకోవాలి? మిర్చి బజ్జీ, కారప్పూస ఉన్నాయి.

ఆస్టిన్‌బుజ్జి:
రెండూ పక్కన పెట్టండి తమ్ముడూ. కారం తిన్న నోటికి ఆల్కహాల్, గ్యాస్ రెండూ మంట రేపుతాయి, ఐపీఏ చేదు ఇంకా మొరటుగా తగులుతుంది. నూనె పెదాలకంటితే నురగ పోతుంది. ఉప్పు లేని మరమరాలు, మామూలు బ్రెడ్డు, గది వేడిలో ఉన్న నీళ్ళు చాలు. ఆరూ అయ్యాక బజ్జీలు తీయండి.

మాల్ట్‌మామ:
వాసన చూసే తీరు కూడా చెప్పేస్తాను, 12 మార్కులు అక్కడే ఉన్నాయి. పోసిన వెంటనే, నురగ ఉన్నప్పుడే చూడాలి. కొన్ని వాసనలు అర నిమిషంలో ఎగిరిపోతాయి, గంధకం మరీను. ముందు గ్లాసు ముక్కుకి జానెడు దూరంలో అటూ ఇటూ తిప్పండి. తర్వాత దగ్గరగా రెండు చిన్న పీల్పులు. ఆ తర్వాత ఒక పొడుగు పీల్పు. చివర అరచేత్తో మూసి గ్లాసు తిప్పి, చెయ్యి తీస్తూ పీల్చండి. బీరులో దాగిన తప్పులు ఈ ఆఖరిదానిలోనే ఎక్కువ బయటపడతాయి. తాగాక నోరు మూసి ముక్కుతో గాలి వదలండి. వైన్ వాళ్ళలా ఉమ్మేయొద్దు, ముగింపు మింగితేనే తెలుస్తుంది.

రాసేటప్పుడు ‘ఫ్రూటీ’ అని వదిలేస్తే చదివేవాళ్ళకి ఏం ఉపయోగం? మామిడి అంటే పచ్చి తోతాపురి ముక్కా, మగ్గిపోయిన రసమా? కాస్కేడ్ హాప్‌లో పంపర పనస తొక్క తెల్ల భాగం చేదుతో సహా వస్తుంది. సెంటెన్నియల్‌లో నారింజ తొక్క, కొంచెం పూల వాసన. సిమ్‌కోలో పైన్ జిగురు. సిట్రాలో లిచీ, మగ్గిన మామిడి. మొజాయిక్ కొందరికి మామిడి, బ్లూబెర్రీ, ఇంకొందరికి పచ్చి ఉల్లిపాయ. మాల్ట్ వైపు బిస్కెట్, బ్రెడ్డు అంచు, బెల్లం పాకం. స్టౌట్‌లో చిక్కటి డికాక్షన్, ముదురు చాక్లెట్, ఎండు ఖర్జూరం.

నురగరాజు:
నమూనాకి సియెరా నెవాడా పేల్ ఏల్ పత్రం పెడుతున్నాను. 1980 నుంచి కాస్కేడ్ హాప్‌తో వస్తున్న బీరు, 38 ఐబీయూ, అమెరికన్ పేల్ ఏల్ అంటే ఏమిటో దీన్ని చూసే చాలామంది నేర్చుకున్నారు. సీసాలోనే ఈస్ట్‌తో గ్యాస్ పట్టిస్తారు కాబట్టి అడుగున పలచటి మడ్డి ఉంటుంది. నెమ్మదిగా పోసి చివరి వేలెడు వదిలేయండి. ప్యాక్ చేసి ఐదు వారాలైన సీసా, 8 డిగ్రీలు.

వాసన 10: పంపర పనస తొక్క, కాస్త పైన్, వెనకాల కాల్చిన బ్రెడ్డు. తప్పులేమీ లేవు.
రూపం 3: ముదురు బంగారు రంగు, తెల్లటి నురగ చివరిదాకా గోడకి అంటుకుంది.
రుచి 17: మొదట బెల్లం ఛాయ ఉన్న మాల్ట్, వెంటనే హాప్, చేదు గట్టిదే గానీ శుభ్రంగా తెగిపోతుంది.
తీరు 4: మధ్యస్థమైన ఒళ్ళు, గ్యాస్ కొంచెం ఎక్కువ.
మొత్తం మీద 8. కూడితే 42.

చేదుమాత్ర:
మొత్తం మీద 8 తక్కువేశారు. ఈ స్టైల్‌కి తల్లివేరు లాంటి బీరు అది. నావి 44. అలగాష్ వైట్‌కి 43. ధనియాలు, నారింజ తొక్క ఎక్కడా మీద పడవు, గోధుమ మెత్తదనం, ముగింపు పొడిగా. అది పోసేటప్పుడు మాత్రం చివర మిగిలినదాన్ని సీసాలో తిప్పి ఈస్ట్‌తో సహా పోయాలి. అలగాష్ లాంటి విట్‌బీరు (బెల్జియం తరహా గోధుమ బీరు) తేటగా ఉంటేనే లోపం. ప్రైమా పిల్స్ మసకగా వస్తే మార్కు కోయండి.

పీపా:
ప్రైమా 40. గడ్డి, మూలికల వాసన, గట్టి చేదు. టూ హార్టెడ్ 42. ఓల్డ్ రాస్‌పుటిన్ 41, మాడు చేదు చివర్లో కాస్త ఎక్కువసేపు నిలిచింది. హెడీ టాపర్ 35 మాత్రమే. గొంతులో గరగర, పైగా రంగు పండిన నారింజ దాటి గోధుమరంగులోకి పోతోంది.

కాస్కేడ్:
ఆ రెండు లక్షణాలు ఒకే క్యాన్‌లో కలిసి రావడం అరుదు. గొంతు గరగర సాధారణంగా మరీ తాజా హేజీల్లో వస్తుంది. హాప్ రజను, పాలీఫినాల్స్ ఇంకా కిందికి దిగక తేలుతూ ఉంటాయి. క్యాన్ నిలబెట్టి చలిలో వారం, పది రోజులుంచితే తగ్గుతుంది. గోధుమరంగు మాత్రం ఆక్సిజన్ పని. నిమ్మపసుపు ముందు ముదురుతుంది, తర్వాత బూడిద, ఊదా ఛాయ వస్తుంది. వాసనలో మామిడి పోయి తేనె మిగులుతుంది. ఆక్సీకరణకి హేజీలంత బలహీనమైన స్టైల్ మరొకటి లేదు. క్యాన్ తేదీ చెప్పండి. అడ్డంగా పడుకోబెట్టి ఉంచితే కిందకి దిగిన మడ్డి మొత్తం గ్లాసులోకి వచ్చి కూడా గరగర తెస్తుంది.

క్యాన్ మీద క్యాన్‌తోనే తాగమని ఉంటుంది కదా అంటారేమో. సరదాకి తాగేటప్పుడు అలాగే తాగండి. మార్కులకైతే గ్లాసు తప్పదు, లేకపోతే రూపం మూడు మార్కులు దేన్ని చూసి వేస్తారు?

పీపా:
తేదీ చూశాను, పదకొండు వారాలు. నిలబెట్టి లేదు. ఆ పత్రం లెక్కలోకి తీసుకోవద్దు.

మాల్ట్‌మామ:
తప్పులు పోల్చుకోవడం ఒక్కసారి నేర్చుకుంటే ఇలాంటి పత్రాలు రావు. పాప్‌కార్న్ మీద వేసే వెన్న వాసన, నాలుక మీద జారుడు: డయాసిటిల్. ఈస్ట్ పని పూర్తిచేయకముందే చల్లబరిచారు, లేదా డ్రై హాప్ (మరిగించకుండా, పులిసే బీరులోనే కలిపే హాప్) వేశాక పులియడం మళ్ళీ మొదలైంది. బార్‌లో కుళాయి బీరులోనైతే గొట్టాలు కడగలేదని కూడా అనుమానించాలి. పచ్చి ఆపిల్: అసిటాల్డిహైడ్, తొందరపడి తీసిన బీరు. ఉడికించిన మొక్కజొన్న: డీఎంఎస్, వోర్ట్ (ఇంకా పులియని మాల్ట్ రసం) సరిగ్గా మరగలేదు లేదా చల్లబరచడం ఆలస్యమైంది. లాగర్లలో కొద్దిగా ఉంటే ఊరుకోవచ్చు. తడిసిన అట్టపెట్టె: వయసు, వేడి. డెట్టాల్, బ్యాండేజీ: నీళ్ళలో క్లోరిన్, లేదా అడవి ఈస్ట్. స్కంక్ కంపు: వెలుగు తగిలి హాప్ చేదు పదార్థం విరిగింది. గోధుమరంగు సీసా చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చది, తెల్లది ఆపవు. క్యాన్‌లో ఈ కంపు రాదు.

ఇంట్లో నేర్చుకోవాలంటే వెలుగు తప్పు అన్నిటికంటే తేలిక. పేల్ ఏల్‌ని రెండు గాజు గ్లాసుల్లో పోసి ఒకటి బీరువాలో, ఒకటి నేరుగా ఎండలో పది నిమిషాలు పెట్టి పోల్చండి. మిల్లర్ హై లైఫ్‌తో ప్రయత్నించి ‘రాలేదే’ అనకండి, తెల్ల సీసాలో అమ్మడం కోసమే అందులో మార్పు చేసిన హాప్ సారం వాడతారు. అట్టపెట్టె రుచికి ఒకే పెట్టెలోని రెండు సీసాల్లో ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి మూడు వారాలు వెచ్చటి చోట ఉంచి పక్కపక్కన తాగండి.

చార్మినార్_పింట్:
నేను హైదరాబాద్‌లో ఉన్నాను. అమెరికానుంచి వచ్చేవాళ్ళతో ఈ బీర్లు తెప్పించుకోవచ్చా? ఏవి అడగాలి?

చేదుమాత్ర:
మద్యం, వైన్, బీరు ఏదైనా సరే సుంకం లేకుండా మనిషికి 2 లీటర్లు. 473 మి.లీ. క్యాన్లు నాలుగు పెడితే 1.892 లీటర్లు, సరిగ్గా సరిపోతుంది. చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టాలి, ఒక్కోటి జిప్ సంచిలో వేసి బట్టల మధ్యలో. ఐపీఏలు అడగకండి, ప్రయాణంలో వేడికి సగం పోతాయి. ఓల్డ్ రాస్‌పుటిన్, సియెరా నెవాడా బిగ్‌ఫుట్ బార్లీవైన్ (పేరు వైనే గానీ ఘాటైన బీరు) లాంటివి తట్టుకుంటాయి. బిగ్‌ఫుట్ 9.6 శాతం, ఏళ్ళ తరబడి దాచుకునేవాళ్ళు కూడా ఉన్నారు. సీసాలవి కాబట్టి లీటర్ల లెక్క మళ్ళీ వేసుకోండి.

కొత్తగ్లాసు:
పుల్ల బీర్లు ఈ వరుసలో ఎక్కడ పెట్టాలి? మా షాపులో వెస్ట్‌బ్రుక్ గోజ్, న్యూ బెల్జియం లా ఫోలీ కనపడ్డాయి.

కాస్కేడ్:
గోజ్ 4 శాతమే, ఉప్పు, ధనియాలు, నిమ్మ పులుపు. అలగాష్ తర్వాత పెట్టి, బ్రెడ్డు తిని రెండు నిమిషాలాగి పేల్ ఏల్‌కి వెళ్ళండి. లా ఫోలీ పులుపు వేరే స్థాయి, ఓక్ పీపాల్లో పండిన బీరు, వెనిగర్ అంచు తగులుతుంది. దాని తర్వాత ఏది తాగినా పలచగా, తియ్యగా తోస్తుంది. అందుకని వేరే రోజు, లేదంటే స్టౌట్ కూడా అయ్యాక.

ఆస్టిన్‌బుజ్జి:
రెండో విడతకి బోర్బన్ విస్కీ పీపాల్లో ఊరిన స్టౌట్లు పెడదాం. గూస్ ఐలాండ్ బోర్బన్ కౌంటీ ఏటా నవంబరులో బ్లాక్ ఫ్రైడేకి వస్తుంది.

పీపా:
అయితే పోత 90 కాదు, 60 మి.లీ., 12–13 డిగ్రీలు. పాత సీసాలు దాచినవాళ్ళు 2015వి విడిగా పెట్టండి. ఆ ఏడాది బోర్బన్ కౌంటీ కొన్ని రకాల్లో లాక్టోబాసిల్లస్ అనే బ్యాక్టీరియా చేరి పులిశాయి, కంపెనీ డబ్బు వెనక్కిచ్చింది, 2016 నుంచి పాశ్చరైజ్ చేయడం మొదలుపెట్టింది. మామూలు రకం కొన్నేళ్ళు నిలుస్తుంది. ఎండుద్రాక్ష, షెర్రీ దాకా వస్తే మంచి వయసు, సోయా సాస్ వాసన మొదలైతే దాటిపోయింది. కాఫీ వేసిన రకాలు మాత్రం దాచకండి, ఏడాదికల్లా కాఫీ పోయి పచ్చి క్యాప్సికం వాసన మిగులుతుంది. ఫౌండర్స్ బ్రేక్‌ఫస్ట్ స్టౌట్‌కి కూడా ఇదే వర్తిస్తుంది, కొన్న నెలలోనే తాగేయండి.